ఫిడేలు విద్వాంసుడు కాలేకపోయిన సిబేలియస్

పాశ్చాత్య సంగీత సభలలో ఒక సాయంకాలమును ఉత్తర దేశముల సంగీతమునకు కేటాయించినపుడు సామాన్యముగా మూడు పేర్లు వినబడును. నార్వే దేశీయుడైన గ్రీగ్, డెన్మార్కు దేశీయుడైన నీల్సెన్, ఫిన్లండు దేశీయుడైన సిబేలియస్. భూగోళ పండితులు ఫిన్లండును స్కాండినేవియాలో చేర్చుటకు ఒప్పుకొనరు. ఫిన్నిష్ భాషకు నార్వే, స్వీడన్, డెన్మార్కుల భాషలతో ఏ చుట్టరికమును లేదు. ఐనను సిబేలియస్ ఇంటి భాష స్వీడిషు. అతని పూర్వులు స్వీడన్ రాజ్యములో భాగమైయున్న ఫిన్లండులో పుట్టి పెరిగినవారు. సంగీత సభలు భూగోళ పాఠములు కావు గనుక, ఈ ముగ్గురిని ఒకే పంక్తిలో కూర్చుండబెట్టుట ఆచారమైపోయినది.

అట్టి సభలో వాద్యబృందమునకు ముందు ఒక ఫిడేలు విద్వాంసుడు వచ్చి నిలిచెనన్నచో, అతడు వాయింపబోవునది చాలసార్లు సిబేలియస్ రచించిన కాన్సర్టోయే. కాన్సర్టో అనగా ఒక వాద్యమును ఒక వైపునను, నలుబదియేబది మంది వాయించు ఆర్కెస్ట్రాను మరియొక వైపునను నిలిపి, రెండింటికిని సంవాదము కల్పించు రచన. ఒక్కొక్కప్పుడు అది సంవాదము, ఒక్కొక్కప్పుడు వాగ్వాదము. మన కచేరీలలో ఫిడేలు చాలకాలము గాత్రమునకు నీడగా నడచినది. అక్కడ ఆర్కెస్ట్రాకే ఎదురు నిలుచును. సిబేలియస్ తన జీవితములో వ్రాసిన కాన్సర్టో ఇది యొక్కటే. ఈ యొక్క రచన వెనుక, ఫిడేలుతో అతడు పడిన ఇరువదియేండ్ల ఆశయు, ఆ ఆశ భంగమైన వేదనయు దాగియున్నవి.

అతడు 1865 డిసెంబరు 8వ తేదీన హామెన్‌లిన్న అను చిన్న పట్టణములో జన్మించినాడు. అప్పటికి ఫిన్లండు రష్యా చక్రవర్తి యేలుబడిలోని ఒక మహాసంస్థానము. తండ్రి వైద్యుడు. ఆయన 1868లో విషజ్వరపు రోగులకు చికిత్స చేయుచు ఆ జ్వరముతోనే మరణించినాడు. విడిచిపోయినది ఆస్తి కాదు, అప్పులు. అప్పటికి బాలునకు మూడేండ్లయినను నిండలేదు, తల్లి గర్భవతి. ఆమె బిడ్డలను వెంటబెట్టుకొని పుట్టినింటికి చేరినది. అక్క లిండా పియానో, తరువాత పుట్టిన తమ్ముడు క్రిస్టియన్ సెల్లో, నడిమివాడైన ఇతడు ఫిడేలు నేర్చి, ముగ్గురును కలసి ఇంటిలోనే ఒక చిన్న వాద్యగోష్ఠిగా ఏర్పడినారు. ఇతనికి మొదట పియానో నేర్పిన జూలియా అను బంధువురాలు తప్పు స్వరము పలికినప్పుడెల్ల వ్రేళ్ళకణుపులపై కొట్టెడిదట. ఆ శిక్షణ ఎంత ఫలించెనో గాని, బాలుని మనస్సు మాత్రము పియానోనుండి మరలిపోయినది. పెదతండ్రి పేర్ సిబేలియస్ విత్తనముల వ్యాపారి, ఫిడేలు మీద మిక్కిలి మక్కువ గలవాడు. అతడే బాలునకు పదేండ్ల ప్రాయమున ఒక ఫిడేలు బహుమానముగా ఇచ్చినాడు. మరియొక పెదతండ్రి ఓడ కప్తాను. ఆయన విదేశములలో వాడుటకు యోహాన్ అను తన పేరును ఫ్రెంచి పద్ధతిలో ఝాన్ అని అచ్చువేయించుకొన్న చీట్లు ఆయన పోయిన పిమ్మట ఇంటిలో మిగిలియుండగా, యువకుడు ఆ చీట్లతోపాటు ఆ పేరును కూడ తీసుకొన్నాడు. నేడు లోకమెరిగిన ఝాన్ సిబేలియస్ అను పేరు ఇట్లు వచ్చినది.

పాఠశాలలో అతడు మెరుగైన విద్యార్థి కాడు. కిటికీలోనుండి చూచుచు కూర్చుండుట అతని స్వభావము. పరీక్ష తప్పి ఒక తరగతి రెండుమారులు చదివినాడు. కాని పదునాల్గవ యేట గుస్టాఫ్ లెవాండర్ అను సైనిక వాద్యబృంద నాయకుని వద్ద ఫిడేలు పాఠములు ఆరంభించిన తరువాత, ఆ కిటికీచూపులవాడే గంటలకొలది సాధన చేయజొచ్చినాడు. వేసవిలో సరస్సుల చెంతకు ఫిడేలు తీసికొనిపోయి, పక్షులకును నీటికిని వినిపించుచు మనోధర్మముతో వాయించెడివాడట. 1885లో హెల్సింకి విశ్వవిద్యాలయమున న్యాయశాస్త్ర విద్యార్థిగా పేరు వ్రాయించుకొన్నాడు. అదే సమయమున అక్కడి సంగీత విద్యాలయమున కూడ చేరినాడు. న్యాయశాస్త్ర గ్రంథములు ఎంతో కాలము తెరువబడలేదు. విద్యాలయాధిపతి మార్టిన్ వెగేలియస్ ఇతనిలోని రచయితను గుర్తించినాడు గాని, యువకుని కోరిక అది కాదు. గొప్ప ఫిడేలు విద్వాంసుడు కావలెను. ఊరూర వేదికలపై నిలువవలెను. వాద్యమును చేపట్టవలసిన వయస్సు దాటిన తరువాత, పదునాల్గవ యేట, మొదలు పెట్టితినను సంగతి అతనికి తెలియకపోలేదు. పాశ్చాత్య ఫిడేలు విద్యలో అయిదారేండ్లకే కమాను చేతబట్టని వానికి ఆ అగ్రశ్రేణి అందుట దుర్లభము. దానికితోడు సభాభీతి. ఒంటరిగా ఉన్నపుడు వశమైన స్వరము, పదిమంది ఎదుట చేతిలోనుండి జారిపోవుచుండెను.

బెర్లినులో ఒక సంవత్సరము, వియన్నాలో ఒక సంవత్సరము అతడు ఉన్నత శిక్షణము పొందినాడు. వియన్నాలో ఉన్నపుడే, 1891 జనవరిలో, ఆ నగరపు ప్రసిద్ధ ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రాలో ఫిడేలు స్థానమునకై పరీక్షకు నిలిచినాడు. అప్పుడతనికి ఇరువదియైదేండ్లు. పరీక్షకులు అతని వాద్యమును సానుభూతితోనే విన్నారు, కాని ఆ నరముల బలహీనతతో ఈ వృత్తి సాగదని తేల్చివేసినారు. గదికి తిరిగివచ్చి అతడు కన్నీరు కార్చినాడు. ఆపైన పియానో ముందు కూర్చుండి స్వరములు మీటనారంభించినాడని అతని జీవిత చరిత్రకారులు చెప్పుదురు. అక్కడితో ఫిడేలు విద్వాంసుని కథ ముగిసినది. కాని కోరిక ముగియలేదు. సుమారు ఇరువదినాలుగేండ్ల తరువాత, జగత్ప్రసిద్ధుడై ఉన్నపుడు కూడ, తాను పండ్రెండేండ్ల బాలుడనై మహావిద్వాంసునివలె ఫిడేలు వాయించుచున్నట్లు కలగన్నానని అతడు తన దినచర్యలో వ్రాసికొన్నాడు.

రచయితగా మాత్రము అతని ఉదయము ఆలస్యము కాలేదు. ఫిన్లండు పల్లెలలో గాయకుల నోట నిలిచియున్న ప్రాచీన గాథలను ఎలియాస్ లొన్రోట్ అను వైద్యుడు సేకరించి, కూర్చి, కలేవల అను పేర 1835లో ప్రకటించియుండెను. ఆ కావ్యములోని కుల్లెర్వో అను దురదృష్టవంతుని కథను గాయకులతోను ఆర్కెస్ట్రాతోను ఒక మహారచనగా చేసి, 1892 ఏప్రిల్ 28న హెల్సింకిలో సిబేలియస్ వినిపించినాడు. ఒక్క రాత్రిలో దేశమునకంతకు పరిచితుడైనాడు. ఆ జూన్‌లోనే ఐనో యార్నెఫెల్ట్‌ను వివాహమాడినాడు. ఆమెది ఫిన్నిష్ భాషాభిమానమున ముందంజ వేసిన కుటుంబము; సోదరులలో ఒకడు చిత్రకారుడు, ఒకడు రచయిత, ఒకడు సంగీతజ్ఞుడు. 1897లో ప్రభుత్వము అతనికి సాంవత్సరిక వేతనము మంజూరు చేసినది. 1899లో రష్యా చక్రవర్తి ఫిన్లండు స్వాతంత్ర్యములను హరించు శాసనము వెలువరింపగా, ఆ యేటి నవంబరులో పత్రికల సహాయార్థము జరిగిన ప్రదర్శనకు అతడు కూర్చిన సంగీతములోని చివరి ఘట్టమే తరువాత ఫిన్లండియా అను పేర దేశమంతట మారుమ్రోగినది. ఈ కథ చాలమంది ఎరిగినదే. అంతగా ఎరుగబడనిది, ఆ మరుసటి యేడు, 1900 ఫిబ్రవరిలో, అతని పసికూతురు కిర్‌స్తి తండ్రిని బలిగొన్న విషజ్వరముతోనే చనిపోయినదని. ఐనో ఆ దుఃఖమును మనస్సులో అణచుకొన్నది. సిబేలియస్ దానిని పానశాలలలో మరచుటకు ప్రయత్నించినాడు. ప్రభుత్వ వేతనము అప్పులవాండ్రకే చాలలేదు.

ఈ పరిస్థితిలో, 1902 మొదలు 1904 వరకు, ఫిడేలు కాన్సర్టో రూపొందినది. దానికి ప్రోత్సాహకుడు విలీ బుర్మెస్టర్ అను జర్మను విద్వాంసుడు. అతడు కొన్నియేండ్లు హెల్సింకి ఆర్కెస్ట్రాలో ఫిడేళ్ళకు అగ్రేసరుడుగా ఉండి సిబేలియస్ ప్రతిభను దగ్గరనుండి చూచినవాడు. రచన పూర్తి కానిండు, దానిని లోకమునకు నేను వినిపింతునని మిత్రునకు మాటయిచ్చి, 1904 మార్చిలో వాయించుటకు సిద్ధపడినాడు. ఆ దినములలో సిబేలియస్ రాత్రులెల్ల మేల్కొనియుండి వాయించుచు, వచ్చిన భావములలో దేనిని విడువవలెనో తెలియక తపించుచుండెనని ఐనో ఒక మిత్రునకు వ్రాసినది. కొన్ని రాత్రులు పనిలో గడచినవి. కొన్ని రాత్రులు నగరపు భోజనశాలలలో గడచినవి.

ఇంతలో డబ్బు ఇబ్బంది ముదిరినది. మార్చి వరకు ఆగుటకు సిబేలియస్‌కు వీలు చిక్కలేదు. స్వీయ రచనలతో హెల్సింకిలో ఒక సభ జరిపినచో కొంత రాబడి వచ్చును. బుర్మెస్టర్‌ను ప్రక్కకు నెట్టి, స్థానిక సంగీత విద్యాలయములో ఫిడేలు ఉపాధ్యాయుడైన విక్టర్ నోవాచెక్‌కు ఆ రచనను అప్పగించినాడు. ఈ విషయమున సిబేలియస్ పక్షము వహించుట కష్టము. అవసరము మనుష్యునిచే మాట తప్పించుట లోకములో లేనిది కాదు. ఐనను ఇక్కడ తప్పినది స్నేహమునకిచ్చిన మాట. నోవాచెక్ మంచి ఉపాధ్యాయుడే కాని, ఐరోపాలోని ప్రథమశ్రేణి విద్వాంసులకు కూడ చెమట పట్టించు రచనను కొద్ది కాలములో వశము చేసికొనగలవాడు కాడు.

1904 ఫిబ్రవరి 8వ తేదీన సభ జరిగినది. ఆర్కెస్ట్రాను సిబేలియస్ స్వయముగా నడిపించినాడు. ఒకనాడు తాను నిలువగోరిన స్థానములో మరియొకడు ఫిడేలు పట్టుకొని నిలిచియుండగా, తాను దండము చేతబట్టి ప్రక్కన నిలిచిన ఆ రాత్రి అతని మనస్సెట్లుండెనో ఊహించుకొనవలసినదే. నోవాచెక్ తడబడినాడు. శ్రుతి చెదరినది, వేగముగా పోవలసిన ఘట్టములు ఈడ్చుకొనిపోయినవి. అంతవరకు సిబేలియస్‌ను మెచ్చుకొనిన విమర్శకుడు కార్ల్ ఫ్లోడిన్ ఈ రచన నిస్సారమని తీర్పు చెప్పినాడు. తప్పంతయు వాయించినవానిదే కాదు. ఆ ప్రథమపాఠము నిడివిగలది, విద్వాంసుడు ఒంటరిగా వాయింపవలసిన ఘట్టములతో నిండియున్నది. ఫిడేలు మీద తన చేతికి సాధ్యము కాని దానినంతటిని రచయిత అందులో గ్రుమ్మరించినట్లున్నది.

బుర్మెస్టర్ అప్పటికిని కోపగించుకొనలేదు. వచ్చే అక్టోబరులో నేనే హెల్సింకి వచ్చి వాయించి, నగరమును నీ పాదములకడకు తెత్తునను భావముతో ఉదారముగా జాబు వ్రాసినాడు. కాని సిబేలియస్ రచనను ఉపసంహరించుకొన్నాడు.

ఆ యేడు సెప్టెంబరులో ఆ కుటుంబము హెల్సింకి విడిచి, ఉత్తరమున తూసుల సరస్సు చేరువ యార్వెన్‌పాలో, లార్స్ సొంక్ అను శిల్పి నిర్మించిన కొయ్యయింటిలో ప్రవేశించినది. భార్య పేరుమీద దానికి ఐనోల అని పేరు పెట్టినాడు. ఆ యింటిలో నీటిగొట్టములు వేయనీయలేదు. గొట్టములలో నీరు పారు చప్పుడు తన పనికి అడ్డువచ్చునని అతని భయము. అతడు బ్రతికియున్నంతకాలము నీరు బావినుండి మోసికొనవలసినదే. మహానుభావుల ఏకాగ్రతకు వెల చెల్లించినవారు ఎప్పుడును ప్రక్కవారే.

ఐనోలలోనే 1905లో కాన్సర్టో పునర్జన్మమెత్తినది. మొదటి భాగములో విద్వాంసుడు ఒంటరిగా వాయించు రెండు దీర్ఘ ఘట్టములలో ఒకదానిని పూర్తిగా తీసివేసినాడు. మిగిలినదానిని రచన నడుమనే, ఇతరులు ఆర్కెస్ట్రాచే విస్తరింపజేయు చోట నిలిపినాడు. ఒక్క ఫిడేలు ఆర్కెస్ట్రా చేయవలసిన పని చేయును. ఆరంభమున తక్కిన ఫిడేళ్ళు శబ్దము నణచి, మంచు రాలునట్లు సన్నగా కంపించుచుండగా, నాందీప్రస్తావనలేవియు లేకయే విద్వాంసుని వాద్యము వెంటనే మొదలగును. రెండవ భాగము మంద్రముగా సాగు ఒకే దీర్ఘగానము. మూడవదానిలో తాళము బరువుగా భూమిని త్రొక్కుచు నడచును. ధ్రువపు ఎలుగుబంట్లు నాట్యమాడినట్లున్నదని ఒక ఆంగ్ల విమర్శకుడు చమత్కరించినాడు. ఫిడేలు శరీరమును ఎరిగినవాడు తప్ప వ్రాయజాలని రచన ఇది. ఏ తీగమీద ఏ స్వరము గద్గదికగా పలుకునో, ఏది తళుక్కుమనునో అతని వ్రేళ్ళకు తెలియును. సభాభీతి వేదికమీదినుండి దింపివేసిన వ్రేళ్ళవి.

ఈ క్రొత్త పాఠమును 1905 అక్టోబరు 19న బెర్లినులో రిచర్డ్ స్ట్రౌస్ నడిపింపగా కారెల్ హలీర్ అను చెక్ విద్వాంసుడు వాయించినాడు. ప్రకాశకుడు లీనావ్ ఏర్పాటది. బుర్మెస్టర్ రెండవమారు ప్రక్కకు నెట్టబడినాడు. ఈసారి అతడు సహింపలేదు. ఆ కాన్సర్టోను జన్మలో ముట్టనని నిశ్చయించుకొని, అట్లే నిలిచినాడు. దానికి పురుడు పోసినవాడే దానిని ఎన్నడును వాయింపలేదన్న మాట. బెర్లినులో కూడ దానికి పట్టాభిషేకము జరుగలేదు. ఫిడేలు ప్రపంచమునకు భీష్మాచార్యుడైన వృద్ధ యోఆకిమ్‌కు అది రుచింపలేదు. సిబేలియస్ దానిని ఫెరెన్స్ వెచ్చెయ్ అను హంగేరీ బాలునకు అంకితమిచ్చినాడు. వెచ్చెయ్ పుట్టిన 1893వ సంవత్సరమే మన ద్వారం వెంకటస్వామినాయుడుగారు పుట్టిన సంవత్సరము కూడ. పదమూడేండ్ల వయస్సులోనే ఆ బాలుడు దానిని సభలలో వాయించినాడు. తాను పండ్రెండేండ్ల విద్వాంసుడనైనట్లు తరువాత కలగన్న రచయిత, ఆ యీడు బాలుని చేతిలోనే దానినుంచుట గమనింపదగినది.

ఆపైని జీవితమును సంగ్రహముగా చెప్పవచ్చును. 1908లో గొంతులో కంతి పుట్టగా బెర్లినులో శస్త్రచికిత్స జరిగినది. మద్యమును చుట్టలను సుమారు ఏడేండ్లు విడిచినాడు. ఐనోకు అవి మంచి సంవత్సరములు. 1911 నాటి నాల్గవ సింఫనీ ఆ మృత్యుభయపు నీడలో పుట్టినది. 1915 ఏప్రిల్‌లో సరస్సుపై చుట్టుతిరిగి పోయిన పదునారు హంసలను చూచి పులకించి, ఆ అనుభవమును అయిదవ సింఫనీ చివరిభాగములో నిలిపినాడు. ఆ డిసెంబరులో అతని యేబదవ జన్మదినమును దేశమంతయు పండుగగా జరుపుకొన్నపుడు అది మొదటిసారి వినబడినది. 1917లో ఫిన్లండు స్వతంత్రమైనది. 1918లో అంతర్యుద్ధము వచ్చి ఐనోల సోదా చేయబడగా, కుటుంబము హెల్సింకిలో మానసిక వైద్యుడైన తమ్ముడు క్రిస్టియన్ ఆసుపత్రిలో తలదాచుకొన్నది. 1924లో ఏడవ సింఫనీ, 1926లో టపియోల. అంతటితో కలము ఆగినది.

తరువాత అతడు ముప్పదియేండ్లు బ్రతికినాడు. ఎనిమిదవ సింఫనీ వచ్చుచున్నదని బాస్టనులో కూసెవిట్స్కీ ఎదురుచూచినాడు, లండను ఎదురుచూచినది. అది రాలేదు. 1940 తరువాతి దశకములో ఒకనాడు సిబేలియస్ బట్టలబుట్టలో కాగితముల కట్టలు తెచ్చి భోజనశాలలోని పొయ్యిలో వేసినాడు. ఐనో చూడజాలక ఇవతలికి వచ్చినది. ఆ తరువాత అతని మనస్సు తేలికపడినదని ఆమె చెప్పినది. ఇదియొక పరాజయమని కొందరు వ్రాసినారు. కాన్సర్టో ప్రథమపాఠము సభకెక్కి పడిన పాటును ఒకమారు చూచినవాడు, మరియొకదానిని అసంపూర్ణముగా లోకమునకు విడుచుటకు సాహసింపకపోయెననుట న్యాయమునకు దగ్గరగా ఉండును.

కాన్సర్టో మాత్రము ముప్పదియేండ్లు మూలనున్న తరువాత లేచినది. 1935లో యాషా హైఫెట్జ్ లండనులో బీచమ్ నడిపిన ఆర్కెస్ట్రాతో దానిని గ్రామఫోను రికార్డుగా చేసినాడు. నోవాచెక్‌ను ముంచిన ఘట్టములు అతని కమాను క్రింద నీటిపై వెన్నెలవలె జారినవి. తరువాత జినెట్ నెవూ అను ఫ్రెంచి యువతి, మరింత వేడితో వాయించి రికార్డు చేసినది. ఆమె ముప్పదవ యేట, 1949లో, విమాన ప్రమాదమున మరణించినది. వృద్ధుడు ఐనోలలో రేడియోచెంత కూర్చుండి దూరదేశములలో తన రచనలు వాయింపబడుట వినుచుండెడివాడు.

1957 సెప్టెంబరు 20న, తొంబదియొకటవ యేట, మెదడులో రక్తస్రావమై ఆ యింటిలోనే కన్నుమూసినాడు. ఆ సాయంకాలమే హెల్సింకిలో మాల్కమ్ సార్జెంట్ అయిదవ సింఫనీని నడిపించుచుండెను. తోటలో అతనిని సమాధి చేసినారు. 1969లో ఐనో కూడ ఆ ప్రక్కనే చేరినది.

1965లో, శతజయంతి సంవత్సరమున, హెల్సింకిలో అతని పేర యువ ఫిడేలు విద్వాంసులకు అంతర్జాతీయపు పోటీ ప్రారంభమైనది. ఫిడేలు పరీక్షలో తప్పిన వాని పేరిట ఫిడేలు పరీక్ష! 1985లో అందులో ప్రథమస్థానము పొందినవాడు గ్రీసు యువకుడు లియొనిడాస్ కవాకోస్. సిబేలియస్ తన జీవితకాలమున మరల వినిపింపనీయని 1904 నాటి పాఠమును రికార్డు చేయుటకు అతనికిని, వాన్స్కా నడిపిన లాహ్తి ఆర్కెస్ట్రాకును కుటుంబము అనుమతి ఇచ్చినది. ఆ రికార్డు 1991లో వెలువడినది. తీసివేయబడిన రెండవ ఒంటరి ఘట్టము అందులో ఉన్నది, నోవాచెక్ ఆ రాత్రి దాటలేకపోయిన పొడవంతయు ఉన్నది. ఒక్క స్వరమైనను తప్పకుండ.